అంతర్జాతీయ వ్యవహారాల మీద పెద్ద పెద్ద విశ్లేషణలు చదవడం మనలాంటి ఉద్యోగులకు నిజంగా పనికొస్తుందా?

ఒరగడం_పర్చేజ్:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా, ఉద్యోగం చెన్నైలో. ఒరగడం దగ్గర కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో పర్చేజ్ చూస్తాను. ఈ విషయం చాలా రోజులుగా మనసులో నలుగుతోంది, ఇక్కడ తెలిసినవాళ్లు ఉన్నారు కదా అని అడుగుతున్నాను.

స్టీరింగ్ మోటార్లలో వాడే మాగ్నెట్లు మాకు చైనా నుంచే రావాలి. 2025 ఏప్రిల్ 4న చైనా ఏడు రకాల రేర్ ఎర్త్ లోహాల (మోటార్లలో, ఎలక్ట్రానిక్స్‌లో వాడే ఒక లోహాల కుటుంబం) మీద, వాటితో చేసిన మాగ్నెట్ల మీద ఎగుమతి లైసెన్స్ పెట్టినప్పుడు టీవీలో అందరూ నిషేధం అన్నారు, మా ఆఫీసులోనూ అదే అనుకున్నారు. నిజంగా నిషేధమే అయితే ఉన్న స్టాక్ లెక్క చూసుకుని డిజైన్ వాళ్లను వేరే మోటార్ వెతకమనాలి. లైసెన్స్ అయితే మా పని వేరు. సరుకు ఎక్కడ వాడతామో రాసిచ్చే ఎండ్ యూజర్ సర్టిఫికెట్ కాగితాలు ఎంత త్వరగా సిద్ధం చేస్తే క్యూలో అంత ముందుంటాం. ఈ సంగతి తేల్చుకోవడానికే మా వాళ్లకు చాలా టైం పట్టింది, ఆలోపు మిగతా కంపెనీలు అప్లికేషన్లు పెట్టేశాయి.

అప్పటి నుంచి రాత్రిళ్లు కూర్చుని దీని గురించి చదవడం మొదలుపెట్టాను. వార్తలు కాదు, పెద్ద రిపోర్టులు, జర్నల్ వ్యాసాలు. చదువుతుంటే ఒక వరుస కనబడింది. 2010లో జపాన్‌తో సముద్రంలో పడవ గొడవ వచ్చినప్పుడు రేర్ ఎర్త్ సరఫరా బిగుసుకుంది. ఎగుమతి కోటాల మీద ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో కేసు నడిచి 2014లో చైనా ఓడిపోయింది. 2020 డిసెంబర్ నుంచి ఎగుమతుల నియంత్రణకు ఏకంగా ఒక చట్టమే అమల్లోకి తెచ్చుకున్నారు. 2023 ఆగస్టులో గాలియం, జర్మేనియం, అదే ఏడాది డిసెంబర్‌లో గ్రాఫైట్ ఎగుమతులకు లైసెన్స్ పెట్టారు. ఇదంతా ముందే తెలిసినవాడికి 2025 ఏప్రిల్ పిడుగులా అనిపించదు కదా? కోటా కేసు ఓడిపోయాక దేశ భద్రత పేరుతో లైసెన్స్ పద్ధతికి మారారని, అది కోర్టులో తేలే వ్యవహారం కాదని అర్థమవుతుంది.

మా మేనేజర్ మాత్రం “మనమేమైనా సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నామా, రేటు చూడు, డెలివరీ డేట్ చూడు, చాలు” అంటున్నారు. మంచివారే, పని బాగా తెలిసినవారు కూడా. కానీ నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఈ పత్రికల చందాలు కూడా తక్కువేం కాదు. నా ప్రశ్న ఏమిటంటే, ఇలా లోతుగా చదవడం ప్రొఫెసర్లకు, దౌత్యవేత్తలకు మాత్రమేనా, లేక మన పనుల్లో ఉన్నవాళ్లకూ దీనివల్ల ఒరిగేది ఉందా? ఉంటే ఏది చదవాలి, ఏది వదిలేయాలి?

రాజాజీ_సాలై:

తమ్ముడూ, నేను ఫ్రైట్ ఫార్వర్డింగ్‌లో (పార్టీల సరుకు ఓడల్లో పంపే ఏర్పాట్లు చూసే పని) ఉన్నాను, ఆఫీసు పోర్టుకు ఎదురుగానే. నీ ప్రశ్నకు నా జవాబు అవును అనే, కారణం చెప్తాను.

2023 నవంబర్ 19న ఎర్ర సముద్రంలో యెమెన్‌లోని సాయుధ గ్రూపు హౌతీలు గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకుపోయారు. డిసెంబర్‌కల్లా పెద్ద షిప్పింగ్ లైన్లు చాలావరకు సూయజ్ దారి వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. అంటే యూరప్‌కి పోయే సరుకుకి 10 నుంచి 14 రోజులు ఎక్కువ. ఇక్కడి నుంచి యూరప్ సరుకు చాలావరకు కొలంబోలో ఓడ మారుతుంది, అక్కడ తేదీలు తారుమారైతే మన దగ్గర కంటైనర్లు కూడా దొరకవు. అప్పట్లో ప్రతి పార్టీ అడిగేది ఒక్కటే, “ఇది ఎన్నాళ్లు సార్?” 2021లో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ అనే ఓడ ఇరుక్కున్నప్పుడు ఆరు రోజుల్లో కాలువ తెరుచుకుంది కాబట్టి ఇదీ అలాగే సర్దుకుంటుందని చాలామంది లెక్కేశారు. అది ఇసుకలో కూరుకుపోయిన ఓడ, లాగితే వస్తుంది. ఇది గాజా యుద్ధానికి ముడిపడిన గొడవ, ఆ ముడి వీడకుండా దారి తెరుచుకోదు. ఆ ప్రాంతం గురించి కొంచెం చదివినవాళ్లు ఈ మాట మొదటి నెలలోనే చెప్పారు.

ఇంకా ముఖ్యమైనది 2025 మే నెలలో జరిగింది. ఒమన్ మధ్యవర్తిత్వంతో అమెరికాకీ హౌతీలకీ ఒప్పందం కుదిరిందని వార్త రాగానే నాకు ఫోన్ల మీద ఫోన్లు, దారి తెరుచుకుందంట కదా, రేటు ఎందుకు తగ్గలేదని. ఆ ఒప్పందం ఎవరి మధ్యో చదివితే జవాబు అందులోనే ఉంది. అమెరికా ఓడల జోలికి వెళ్లబోమని హౌతీలు అన్నారు, ఇజ్రాయెల్‌తో సంబంధం ఉన్న ఓడల సంగతి అందులో లేదు. ఆ సంబంధం అన్నదాన్ని కూడా వాళ్లు చాలా దూరం లాగుతారు, ఓడ ఇజ్రాయెల్ వెళ్లకపోయినా అదే కంపెనీ ఓడ ఇంకొకటి వెళ్తే చాలు. జులైలో మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సీ అని రెండు ఓడలను వరుసగా ముంచేశారు. ఎటర్నిటీ సీలో మనుషులు కూడా చనిపోయారు. మే నెల హెడ్‌లైన్ చూసి సూయజ్ మీదుగా వెళ్లే ట్రాన్సిట్ టైంతో తన కస్టమర్‌కి మాట ఇచ్చినవాడి పరిస్థితి ఆలోచించు.

నేను చదివేది ప్రధానంగా ఇన్సూరెన్స్ వైపు రాసేవి. లండన్‌లో జాయింట్ వార్ కమిటీ అని ఉంది, ఏ సముద్రం ప్రమాదకరమో వాళ్లు ఒక జాబితా పెడతారు, వార్ రిస్క్ ప్రీమియం (యుద్ధ ప్రమాదానికి కట్టే బీమా సొమ్ము) బేరాలకు అదే ఆధారం. రాజకీయ నాయకులు దారి సురక్షితం అని ఎన్నిసార్లు చెప్పినా ప్రీమియం దిగేదాకా ఓడ కదలదు. మీ మేనేజర్‌కి ఇలా చెప్పు: డెలివరీ డేట్ చూడమన్నారు కదా సార్, ఆ డేట్‌ని నిర్ణయించేదే ఇది.

సూటిగా_చెప్తా:

పై ఇద్దరి మీద గౌరవంతోనే నా అభ్యంతరం రాస్తున్నాను. నేను పెరుంగుడిలో ఐటీలో ఉన్నాను, ఈ విశ్లేషణలు చాలాకాలం బాగా చదివి ఇప్పుడు బాగా తగ్గించాను.

ఫిలిప్ టెట్లాక్ అనే పరిశోధకుడు 1980ల నుంచి దాదాపు ఇరవై ఏళ్ల పాటు 284 మంది నిపుణుల అంచనాలు సేకరించి ఏవి నిజమయ్యాయో లెక్క చూశారు. సగటున చూస్తే గుడ్డి అంచనాల కంటే పెద్ద గొప్పగా లేవని తేలింది. సోవియట్ యూనియన్ 1991లో కూలిపోతుందని దాని మీదే జీవితాలు గడిపినవాళ్లలో ఎంతమంది చెప్పగలిగారు? 2003లో ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయని పేరున్న నిపుణులు ఎంతమంది నమ్మకంగా రాశారు, చివరికి ఏమీ దొరకలేదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ రాజధాని కీవ్ కొద్ది రోజుల్లో పడిపోతుందన్నారు. పైగా ఈ విశ్లేషణలు రాసే సంస్థల్లో కొన్నిటికి డబ్బులు ప్రభుత్వాల నుంచి, ఆయుధ కంపెనీల నుంచి వస్తాయి, అది రిపోర్ట్ చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మా ఫీల్డ్ సంగతే చెప్తాను. 2025 సెప్టెంబర్ 19న అమెరికా ఉద్యోగ వీసా హెచ్‌1బీకి లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటన వచ్చింది, 21 నుంచే అమలు. సెలవులకు ఇండియా వచ్చినవాళ్లు పరుగులు పెట్టి ఫ్లైట్ ఎక్కారు, అమెరికా నుంచి బయల్దేరబోయినవాళ్లు విమానం దిగిపోయారు. అమెరికా వాణిజ్య మంత్రే ఏడాదికోసారి కట్టాలన్నట్టు మాట్లాడారు. మర్నాడు వైట్ హౌస్ నుంచి వివరణ వచ్చింది, ఒక్కసారి కట్టేది, కొత్త అప్లికేషన్లకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదని. ఆ రెండు రోజుల్లో పనికొచ్చింది అసలు కాగితం, దాన్ని చదవగలిగిన లాయర్. ‘అమెరికా వలస విధానం: పరిణామం’ లాంటి వ్యాసం వల్ల ఆ పూట ఎవరికీ ఏమీ ఒరగలేదు. అందుకే అంటున్నాను, ఒరిజినల్ డాక్యుమెంట్ చదవండి, డేటా చూడండి, మధ్యలో వాళ్ల అభిప్రాయాలకు డబ్బులు ఖర్చు పెట్టకండి.

చేపాక్_స్కాలర్:

నేను ఇక్కడే పీహెచ్‌డీ చేస్తున్నాను, విషయం హిందూ మహాసముద్రంలోని ఓడరేవులు. సూటిగా గారు ఎత్తిన పాయింట్ చాలా ముఖ్యమైనది, దాన్ని పక్కకు తోసేయలేం. కానీ టెట్లాక్ పరిశోధనలో రెండో భాగం కూడా ఉందండి. అన్నిటికీ ఒకే పెద్ద సిద్ధాంతం తగిలించేవాళ్లు ఎక్కువ తప్పారు. పలు కారణాలు తూచి, కొత్త సమాచారం రాగానే అభిప్రాయం మార్చుకునేవాళ్లు వాళ్లకంటే మెరుగ్గా ఉన్నారు. కాబట్టి అది మనం ఎవరిని చదవాలో నేర్పే పరిశోధన, చదవడం మానేయమని చెప్పేది కాదు.

రేపు ఏం జరుగుతుందో చెప్తారని విశ్లేషణ చదివితే నిరాశే మిగులుతుంది. ఒక వ్యవహారం లోపల ఎలా నడుస్తోంది, ఎవరి చేతిలో ఏ పగ్గం ఉంది, ఏది మారితే ఏది కదులుతుంది, ఇది తెలుసుకోవడానికి చదవాలి. నా సబ్జెక్ట్ నుంచే చెప్తాను. హంబన్‌తోట రేవు గురించి మన ఇళ్లల్లో కూడా అందరికీ తెలిసిన కథ ఒకటుంది: శ్రీలంక అప్పు కట్టలేకపోయింది, చైనా రేవు లాగేసుకుంది. కాగితాలు తీసి చూస్తే 2017లో చైనా మర్చంట్స్ అనే కంపెనీ 112 కోట్ల డాలర్లు ఇచ్చి 99 ఏళ్ల లీజుకు తీసుకుంది. ఆ డబ్బు రేవు అప్పుకు చెల్లు కాలేదు, అప్పు అలాగే ఉంది, డాలర్లు మాత్రం విదేశీ నిల్వల్లోకి వెళ్లాయి. అప్పట్లో వాళ్ల మెడ మీద కత్తి పెట్టినవి అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన బాండ్లు. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక చేతులెత్తేసే నాటికి విదేశీ అప్పులో మూడో వంతుకు పైగా ఆ బాండ్లవే, చైనా వాటా లెక్కించే పద్ధతిని బట్టి 10 నుంచి 20 శాతం. చైనాకు అక్కడ వ్యూహం లేదని నేను అనడం లేదు, ఉంది, భారత్ ఆందోళన పడడంలో అర్థం కూడా ఉంది. కానీ కొలంబోకి సరుకు అరువిచ్చే చెన్నై వ్యాపారి ఎవరి వడ్డీ తేదీలు చూసుకోవాలి? బీజింగ్‌వా, బాండ్లు కొన్నవాళ్లవా? తప్పు కథ నమ్మితే తప్పు క్యాలెండర్ చూస్తూ కూర్చుంటాడు.

హెచ్‌1బీ విషయంలో అసలు కాగితమే చదవాలన్న మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. అయితే కాగితంలో రాయని దాన్ని చదవడానికి నేపథ్యం కావాలి. ఒరగడం అన్న రాసిన మాగ్నెట్ల సంగతే తీసుకోండి. మన ఆంధ్ర తీరంలో మోనజైట్ (రేర్ ఎర్త్ లోహాలుండే ఖనిజం) ఇసుక దేశంలోకెల్లా ఎక్కువ ఉంది కాబట్టి చైనా అవసరమే లేదని సోషల్ మీడియాలో బాగా తిరుగుతోంది, తెలుగువాళ్లుగా మనకు వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఇసుకలో ప్రధానంగా దొరికేవి తేలిక రకాలు, నియోడిమియం లాంటివి. చైనా ఏప్రిల్‌లో బిగించింది డిస్ప్రోసియం, టెర్బియం లాంటి వాటిని, వేడికి మాగ్నెట్ శక్తి తగ్గకుండా కాపాడేవి అవే, అవి మన దగ్గర లాభసాటిగా తీసేంత లేవు. పైగా ఇసుక నుంచి మాగ్నెట్ దాకా వేరుచేయడం, లోహం చేయడం, మిశ్రమం కలపడం, సింటరింగ్ (పొడిని వేడిచేసి గట్టిపరచడం) ఇన్ని దశలున్నాయి, ప్రపంచం మొత్తం రేర్ ఎర్త్ శుద్ధిలో 90 శాతం దాకా చైనాదే. 2025 నవంబర్‌లో కేంద్రం మాగ్నెట్ల తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది, లక్ష్యం ఏడాదికి 6,000 టన్నులు. మంచి అడుగే. కానీ దాన్ని నమ్ముకుని వచ్చే ఏడాది ఆర్డర్లు ప్లాన్ చేయకూడదని ఈ దశలు తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

చందాల గురించి: అన్నిటికీ కట్టక్కర్లేదు. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లకు 2025 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద 13,000 దాకా జర్నళ్లు అందుతున్నాయి. బయట ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు అది లేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే వీటి అవసరం మీకే ఎక్కువ. కోట్టూర్‌పురంలో అన్నా శతజయంతి లైబ్రరీ ఉంది, ఎగ్మోర్‌లో కన్నెమరా ఉంది, ఆదివారం ఒక పూట కూర్చోండి. పార్లమెంటు ప్రశ్నలకు మంత్రులు ఇచ్చే రాతపూర్వక జవాబులు ఉచితం, మోనజైట్ లెక్కలు నాకు అక్కడే దొరికాయి.

ఇంకో మాట, మా వైపు వాళ్ల కోసం. మేం పుస్తకాల్లో చదివే విషయం మీరు కాగితాల మీద రోజూ చూస్తున్నారు. సర్టిఫికెట్ ఏ బల్ల దగ్గర ఆగింది, ప్రీమియం ఏ వారం పెరిగింది, ఇవి మా థీసిస్‌లలో ఉండవు. ఉండాలి. మీలాంటివాళ్లు చదివి ఇలా రాస్తే మా విశ్లేషణ కూడా నేల మీద నిలబడుతుంది.

ఒరగడం_పర్చేజ్:

అందరికీ చాలా థాంక్స్. రాజాజీ సాలై అన్నా, డెలివరీ డేట్ మాట రేపే మా సార్‌తో అంటాను. సూటిగా గారూ, డబ్బులు ఎవరిచ్చారో చూసి చదవాలన్నది నేను అసలు ఆలోచించలేదు, ఇక నుంచి ముందు ఆ పేజీయే తిప్పుతాను.

చేపాక్ మేడమ్, ఒక్క డౌట్. 2025 అక్టోబర్ 30న బూసాన్‌లో ట్రంప్, షీ జిన్‌పింగ్ కలిశాక చైనా రేర్ ఎర్త్ ఆంక్షలు ఎత్తేసిందని వార్తలొచ్చాయి. మా మేనేజ్‌మెంట్ ఆ వార్త చూసే ఎక్స్‌ట్రా స్టాక్ బడ్జెట్ ఆపేసింది. నాకెందుకో అనుమానంగా ఉంది. దీన్ని ఎక్కడ చూసి నిర్ధారించుకోవాలి?

చేపాక్_స్కాలర్:

మీ అనుమానం సరైనదే అన్నా. చైనా వాణిజ్య శాఖ ప్రకటనలకు నంబర్లుంటాయి, వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి, బ్రౌజర్‌లో అనువాదం పెట్టుకుంటే అర్థమవుతాయి. మీ ఏడు లోహాల నియంత్రణ 2025లోని 18వ ప్రకటన. అక్టోబర్ 9న ఇంకో ఐదు లోహాలతో, విదేశాల్లో తయారైన సరుకుకి కూడా వర్తించేలా కొత్త ప్రకటనలు ఇచ్చారు. బూసాన్ తర్వాత 70వ ప్రకటనతో 2026 నవంబర్ 10 దాకా ఆపి ఉంచింది ఆ అక్టోబర్ వాటినే. ఆపిన నంబర్ల వరుస అందులో ఉంది, 18 ఆ వరుసలో లేదు. 18, 70 ప్రకటనలు రెండూ ప్రింట్ తీసి బడ్జెట్ మీటింగ్‌లో పక్కపక్కన పెట్టండి. దానికి ముందు మీ సప్లయర్‌ని మాగ్నెట్ గ్రేడ్ ఏమిటో, అందులో డిస్ప్రోసియం, టెర్బియం ఎంత శాతమో అడిగి రాతలో తెప్పించుకోండి, లేని గ్రేడ్ అయితే లైసెన్స్ గొడవ మీకు చాలావరకు తగ్గుతుంది.