బుధుడికి వాతావరణం ఉందనాలా, లేదనాలా?

అమలాపురం సైన్సు టీచర్:
మా తొమ్మిదో తరగతి అమ్మాయి నిన్న నిలదీసింది. పాఠంలో “బుధుడికి వాతావరణం లేదు” అని ఉంది. తనేమో బుధుడి చుట్టూ సోడియం ఉందని చదివింది. పరీక్షలో ఏది రాయాలి? “లేదు” అనే రాయమన్నాను గానీ, రాత్రి నిద్ర పట్టలేదు. 1974లో మెరైనర్ 10 అనే వ్యోమనౌక అక్కడ హైడ్రోజన్, హీలియం పట్టుకుంది. 1985లో భూమ్మీది టెలిస్కోపుకే సోడియం దొరికింది. కొలిచి చూసినదాన్ని లేదని ఎలా చెప్పను?

రాజోలు ఇంజినీర్:
లేదనడమే సబబండి మాస్టారూ. గాలి అంటే అణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉండాలి. అక్కడ నేల మీంచి లేచిన పరమాణువుకి దారిలో ఇంకోటి తగలడమే అరుదు. తిరిగి నేల మీద పడుతుంది, లేదంటే అంతరిక్షంలోకి పోతుంది. పగలు 430 డిగ్రీలు, రాత్రి మైనస్ 180. శుక్రుడు తన చుట్టూ తాను ఇంకా నెమ్మదిగా తిరుగుతాడు, అయినా దట్టమైన గాలి వల్ల అక్కడ రాత్రీ పగలూ ఒకటే వేడి.

యానాం నుంచి:
ఆ సోడియం ఎలా దొరికిందో చెప్పాలి. పాత వీధి దీపాల పసుపు రంగు గుర్తుందా? అదే వెలుగు, 589 నానోమీటర్ల దగ్గర. ఎండ దాన్ని వెలిగిస్తుంది, తోస్తుంది కూడా. అందుకే బుధుడి వెనక తోకచుక్కలా లక్షల కిలోమీటర్ల సోడియం తోక సాగుతుంది. మన చంద్రయాన్-2 కూడా చంద్రుడి చుట్టూ ఇలాంటి పల్చటి పొరలోనే ఆర్గాన్‌ని కొలిచింది.

అమలాపురం సైన్సు టీచర్:
ఇంజినీర్ గారూ, మన కాలువ సంగతి చూడండి. ఎండాకాలం ధవళేశ్వరం దగ్గర కట్టేస్తే నాలుగు రోజుల్లో అడుగు తేలుతుంది. అంతమాత్రాన నీళ్లు పారినన్నాళ్లూ అది కాలువ కాదంటామా? బుధుడి దగ్గరా అంతే. ఎండ, సౌరగాలి (సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలు), ఉల్కల ధూళి నేలను తాకుతూ కొత్త పరమాణువుల్ని లేపుతుంటాయి, పాతవి పోతుంటాయి. నిలవ ఉండదు, పారుతూ ఉంటుంది.

రాజోలు ఇంజినీర్:
కాలువకి గట్లుంటాయండి. బుధుడికి గట్టేది?

అమలాపురం సైన్సు టీచర్:
గురుత్వమే గట్టు. భూమిలో 38 శాతమే, గండ్లూ ఎక్కువే, అయినా లేచినవాటిలో చాలావాటిని వెనక్కి దింపుతుంది.

రాజోలు ఇంజినీర్:
ఆ పొర ఉందని ఒప్పుకుంటాను. దాన్ని వాతావరణం అనకండి, “బాహ్యావరణం” అనండి. ఆ పేరుతో పాఠంలో ఒక వాక్యం చేరిస్తే మీ అమ్మాయికి మార్కూ పోదు, అబద్ధం రాయనక్కర్లేదు.

అమలాపురం సైన్సు టీచర్:
రేపు ఆ వాక్యం బోర్డు మీద రాస్తాను.