పెదనాన్న షోకేసులోని గుర్తు ఏ దేశపు రెజిమెంటుదో చెప్పగలరా?

మాది విశాఖ, గోపాలపట్నం. మా పెదనాన్న మద్రాస్ రెజిమెంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గరున్న చెక్క పలక మీద ఒకపక్క వాళ్ళ ఏనుగు గుర్తు, రెండోపక్క కిరీటం, కింద కొమ్ముబూర ఉన్నాయి. అడిగితే "రెజిమెంట్లకీ చుట్టరికాలుంటాయిరా" అంటారు గానీ పేరు గుర్తులేదు.

కెనడా ప్రిన్సెస్ ప్యాట్రీషియా దళానికీ, 1951లో కొరియాలోని కాప్యాంగ్ దగ్గర వాళ్ళతో కలిసి పోరాడిన రాయల్ ఆస్ట్రేలియన్ రెజిమెంట్‌కూ అలాంటి అధికారిక బంధముంది. గూర్ఖాలదైతే వేరే కథ: 1947లో పది రెజిమెంట్లలో ఆరు మనకు, నాలుగు బ్రిటన్‌కు వెళ్ళాయి.

మరి మద్రాస్ వాళ్ళకు ఎవరితో? తమిళనాడు వెల్లింగ్టన్‌లోని వాళ్ళ రెజిమెంటల్ సెంటర్‌కు ఫొటో పెట్టి ఉత్తరం రాస్తే జవాబిస్తారా? మా ఊళ్ళో ఎవర్నడిగినా నేవీ సంగతులే చెబుతున్నారు. ఆర్మీలో చేసినవాళ్ళు కాస్త చెప్పండి.