ఐదుగురు ఎక్కితే బోటు లేవడం లేదు, 13 పిచ్ ఎక్కువవుతోందా?

ఒంటితెడ్డు:
మాది 16 అడుగుల ఫైబర్ బోటు, వెనక 40 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. దానితో వచ్చిన అల్యూమినియం ప్రొపెల్లర్ మీద 11⅛ × 13 అని ఉంది, అంటే వ్యాసం 11⅛ అంగుళాలు, పిచ్ (ఒక చుట్టుకి ముందుకి పోవాల్సిన దూరం) 13 అంగుళాలు. మూడు రెక్కలది. నేనొక్కణ్ణే వెళ్తే ఏ గొడవా లేదు. ఐదుగురం ఎక్కి, ట్యాంకు నిండా పెట్రోలు, ఐస్ పెట్టె, లంగరు, తాళ్లు అన్నీ వేసుకుంటే మాత్రం ముక్కు పైకెత్తి నీళ్లు దున్నుకుంటూ పోతుందే తప్ప త్వరగా ప్లేన్ ఎక్కదు, అంటే నీటి మీదకి లేచి తేలిగ్గా జారుతూ పోదు. ఇద్దర్ని ముందుకి జరగమని బతిమాలుకోవాలి.

లోడుతో థ్రాటిల్ చివరిదాకా తోసినా 4,600 ఆర్‌పీఎం దగ్గరే ఆగిపోతోంది. ఫోన్ జీపీఎస్‌లో గంటకి 37 కిలోమీటర్లు చూపించింది. ఒక్కణ్ణే ఉంటే 5,150 దాకా వెళ్తుంది. మాన్యువల్‌లో ఫుల్ థ్రాటిల్‌కి 5,000–6,000 అని ఉంది. గేర్ రేషియో 2.00.

ఒకాయన పిచ్ పెంచితే స్పీడు పెరుగుతుందన్నాడు. ఇంకొకాయన నాలుగు రెక్కల స్టెయిన్‌లెస్ స్టీల్‌ది వేస్తే అన్నీ సర్దుకుంటాయన్నాడు. ఎవరి మాట వినాలి?

లంగరుతాడు:
పిచ్ పెంచమన్నాయన మాట మాత్రం వినకండి. ఇప్పటికే లాగలేకపోతోంది. 11 వేసి చూడండి, సరిపోతుంది.

గ్రీజుచేతులు:
అన్నీ కొలిచి రాసినందుకు ముందు మీకో దండం. చాలామంది "బోటు స్లోగా ఉంది, ఏం వేయమంటారు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఏం చెప్పాలి వాళ్లకి?

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. ఇంజన్ 4,600 తిరిగితే, గేర్ రేషియో 2 కాబట్టి ప్రొపెల్లర్ నిమిషానికి 2,300 చుట్లు తిరుగుతుంది. పిచ్ 13 అంటే జారుడే లేకపోతే చుట్టుకి 13 అంగుళాలు ముందుకి పోవాలి. ఆ లెక్కన గంటకి 45.6 కిలోమీటర్లు రావాలి, మీకు వచ్చింది 37. అంటే స్లిప్ (జారుడు) 19 శాతం దాకా ఉంది. ఐదుగురితో, పూర్తి సామానుతో వెళ్లే బోటుకి అది కాస్త ఎక్కువే గానీ కంగారు పడేంత కాదు.

ఈ లెక్క ఎందుకు వేశానంటే, ప్రొపెల్లర్ మధ్యలో షాఫ్ట్‌ని పట్టుకునే రబ్బరు హబ్ జారినా, రెక్కలు గాలి లాగినా ఇంజన్ ఉత్తినే రయ్యిమని పైకి లేస్తుంది, స్పీడు మాత్రం రాదు. మీది దానికి పూర్తిగా రివర్స్. ఇంజనే పైకి రాలేకపోతోంది. టాప్ గేరులో ఘాట్ ఎక్కిస్తున్నట్టుంది మీ పని. ఇలా నెలల తరబడి లాగిస్తే ఇంజన్‌కి వేడి ఎక్కువ, కార్బన్ ఎక్కువ, పిస్టన్ల మీద భారం ఎక్కువ.

ఇక పిచ్ ఎంత తగ్గించాలి? ఒక అంగుళం తగ్గిస్తే సుమారుగా 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. లంగరుతాడు గారు చెప్పినట్టు 11 వేస్తే లోడుతో 4,900–5,000 వస్తుంది. అంటే మాన్యువల్ చెప్పిన గీత మీద నిలబడ్డట్టే. ఎదురుగాలో, ఇంకో మనిషో తోడైతే మళ్లీ కిందకి పడుతుంది. 10 వేస్తే లోడుతో 5,050–5,200, ఒక్కరే ఉన్నప్పుడు 5,600–5,750. రెండూ హద్దులోనే ఉంటాయి, ఆర్‌పీఎం హద్దు దాటకుండా ఆపే లిమిటర్ తగలదు. ఎక్కువగా ఐదుగురు వెళ్లేట్టయితే నా ఓటు 10కే. ఒంటరిగా వెళ్లినప్పుడు టాప్ స్పీడు కొంత తగ్గుతుంది, దానికి మీరు సిద్ధపడాలి.

కొనేముందు రెండు పనులు చేయండి. ఒకటి, బోటు అడుగు చూడండి. పాచి, గుల్లలు పట్టి ఉంటే గీకేసి మళ్లీ కొలవండి. మురికి అడుగుతో కొలిచి కొన్న ప్రొపెల్లర్ అడుగు శుభ్రం చేశాక సరిపోదు. రెండు, ప్రొపెల్లర్‌కి సరిగ్గా పైన అడ్డంగా ఉండే ప్లేటు బోటు అడుగుకి దాదాపు సమానంగా ఉండాలి. బాగా కిందకి ఉంటే ఇంజన్ ఉత్తినే నీటిని ఈడుస్తోందన్నమాట, అప్పుడు బ్రాకెట్ బోల్టులు విప్పి ఒక కన్నం పైకి బిగించుకోవచ్చు.

ఉప్పుగాలి:
స్టెయిన్‌లెస్ సంగతి నేను చెప్తా. రెక్కలు పల్చగా ఉంటాయి, లోడులో వంగవు, స్పీడు బోట్లకి బాగుంటుంది. మీరు తిరిగే చోట ఇసుక దిబ్బలు, మొద్దులు ఉంటే మాత్రం ఆలోచించండి. అల్యూమినియం రెక్క రాయికి తగిలితే వంగుతుంది, లేదా ముక్క విరుగుతుంది, మార్చుకుంటాం. స్టీలు రెక్క అంత తేలిగ్గా వంగదు. హబ్ కొంత కాచుకున్నా, గట్టి దెబ్బ షాఫ్ట్‌కి, గేర్లకి పోయే ప్రమాదం ఎక్కువ. అప్పుడు అయ్యే ఖర్చు ముందు ప్రొపెల్లర్ ఖర్చు ఓ లెక్కే కాదు.

నాలుగు రెక్కలది నీటిని బాగా పట్టుకుంటుంది, త్వరగా ప్లేన్ ఎక్కిస్తుంది, అలల్లో వదలదు. కానీ అదే 13 పిచ్‌లో నాలుగు రెక్కలది వేస్తే ఆర్‌పీఎం ఇంకా పడిపోతుంది. వేస్తే పిచ్ తగ్గించే వేయాలి. మీకు ముందు మూడు రెక్కల 10 చాలు.

ఒంటితెడ్డు:
అందరికీ థ్యాంక్స్. అడుగు గీకించి మళ్లీ కొలిస్తే లోడుతో 4,650 వచ్చింది, పెద్ద తేడా లేదు. ప్లేటు సరిగ్గానే ఉంది. 10 తీసుకుంటాను. నేనే మార్చుకోవచ్చా, లేక మెకానిక్ కావాలా?

గ్రీజుచేతులు:
మీరే మార్చుకోవచ్చు. ముందు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆపే కిల్ స్విచ్ తాడు పీకేసి జేబులో వేసుకోండి. నట్ ఊడకుండా అడ్డంగా దూర్చిన కాటర్ పిన్ లాగి నట్ విప్పండి. రెక్కకీ పైనున్న ప్లేటుకీ మధ్య చెక్క ముక్క అడ్డం పెట్టాలి, లేకపోతే ప్రొపెల్లర్ నట్‌తో పాటే తిరుగుతుంది. ప్రొపెల్లర్ లాగాక వెనకాల ఓ మందపాటి వాషర్ ఉంటుంది, దానికి ఓవైపు ఏటవాలు ఉంటుంది. ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. అది మర్చిపోయి బిగిస్తే తోపుడంతా హౌసింగ్ మీద పడి గేర్‌కేస్ అరిగిపోతుంది.

షాఫ్ట్ మొదట్లో గాలం తీగ చుట్టుకుందేమో వేలితో తడిమి చూడండి. సన్న నైలాన్ తీగ సీలుని కోసేస్తుంది, నీళ్లు గేర్ ఆయిల్‌లోకి పోతాయి, ఆయిల్ పాలలా తెల్లబడేదాకా బయటపడదు. షాఫ్ట్ మీది పళ్లకి (స్ప్లైన్) మెరైన్ గ్రీజు పట్టించండి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) నట్ బిగించి కొత్త కాటర్ పిన్ వేయండి. పాతది మళ్లీ వంచి వాడొద్దు.

పాత 13 అమ్మేయకండి. నట్టు, వాషర్లు, రెండు కాటర్ పిన్లు, సరిపడే రెంచితో కలిపి సంచిలో కట్టి బోటులోనే ఉంచండి. నీళ్ల మధ్యలో రెక్క విరిగిన రోజున పిచ్ ఎంతో ఎవరూ చూడరు.