నెస్టిన్ కోసం చూస్తే రక్తనాళాలు మెరుస్తున్నాయి, ఏం చేయాలి?

నమస్కారం అండి. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఎదిగిన చిట్టెలుక మెదడులో, పార్శ్వ జఠరిక (ద్రవం నిండిన కుహరం) గోడ వెంట ఉండే నాడీ మూలకణాలను, వాటిలోని నెస్టిన్, సాక్స్2 అనే ప్రొటీన్లకు అంటుకునే యాంటీబాడీలతో గుర్తించాలని చూస్తున్నాను. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి, 40 మైక్రాన్ల ముక్కలు కోసి, యాంటీబాడీలు కణాల్లోకి వెళ్లేందుకు 0.3 శాతం ట్రైటాన్ (డిటర్జెంట్) వాడాను.

నెస్టిన్‌కు వాడింది చిట్టెలుకలో తయారైన మోనోక్లోనల్ యాంటీబాడీ. జఠరిక గోడ కన్నా రక్తనాళాలే ఎక్కువగా వెలుగుతున్నాయి! ప్రైమరీ (నెస్టిన్‌ను పట్టుకునే యాంటీబాడీ) వేయకుండా సెకండరీ (ప్రైమరీకి అంటుకుని వెలిగే యాంటీబాడీ) ఒక్కటే వేసినా అవే నాళాలు కనిపించాయి. అంటే యాంటీ-మౌస్ సెకండరీ కణజాలంలో ముందే ఉన్న చిట్టెలుక సొంత యాంటీబాడీలనే (ఐజీజీ) పట్టుకుంటోందని నా అనుమానం. కానీ రక్తనాళాల లోపలి పొరలోని ఎండోథీలియల్ కణాల్లోనూ నెస్టిన్ ఉండొచ్చు కదా, అదే అసలు టెన్షన్. ఫ్యాబ్ ముక్కలతో (యాంటీబాడీలో అంటుకునే భాగాలతో) ఆ ఐజీజీని బ్లాక్ చేస్తే సరిపోతుందా, లేక కోడిలోనో కుందేలులోనో చేసిన యాంటీబాడీకి మారిపోవడమే మంచిదా?

ఇంకొకటి. సాక్స్2 కేంద్రకంలో కనిపిస్తోంది గానీ బాగా మసకగా ఉంది. యాంటీబాడీ బాగా అంటుకోవాలని సిట్రేట్ బఫర్‌లో, పీహెచ్ 6 దగ్గర, 95 డిగ్రీల్లో వేడి చేస్తే ముక్కలు పేలికలైపోతున్నాయి. వేడి తగ్గించి ఎక్కువసేపు ఉంచితే పని జరుగుతుందా? మీలో ఎవరైనా స్లైడ్‌కు అంటించకుండా, ద్రావణంలో తేలియాడే ముక్కలతో చేసి ఉంటే, ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు ఉంచారో కాస్త చెప్పండి.