అప్‌డేట్: గిటార్ 2, 4 పొజిషన్లలో సౌండ్ సరైంది

నా స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్ రకం ఎలక్ట్రిక్ గిటార్)లో మధ్య పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే, అయస్కాంతం ఉన్న కాయిల్) మార్చాక స్విచ్ 2, 4 పొజిషన్లలో, అంటే మధ్య పికప్ బ్రిడ్జ్ పికప్‌తోనో నెక్ పికప్‌తోనో కలిసి పలికే చోట, సౌండ్ పీలగా వస్తోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. మీరు అనుమానించినట్టే ఫేజ్ తేడా, అంటే రెండు పికప్‌ల సిగ్నళ్లు ఎదురెదురై ఒకదాన్నొకటి తగ్గించేస్తున్నాయి.

వాల్యూమ్ ఫుల్‌గా పెట్టి, గిటార్‌కి పెట్టిన కేబుల్ రెండో చివర మల్టీమీటర్ తగిలించాను, 20 కిలో ఓమ్స్ రేంజ్‌లో. పోల్‌పీసులకు (పికప్ పైన తీగల కింద కనిపించే లోహపు ముక్కలు) ఆనించిన స్క్రూడ్రైవర్‌ని చటుక్కున పైకి లాగితే నెక్, బ్రిడ్జ్ పికప్‌లకు రీడింగ్ క్షణంపాటు పెరిగింది, మధ్యదానికి తగ్గింది. దాని రెండు వైర్లూ అటూ ఇటూ మార్చి సోల్డర్ చేశాను. ఇప్పుడు నిండుగా పలుకుతోంది! దాని అయస్కాంతం ధ్రువం మిగతావాటికి వ్యతిరేకం కాబట్టి ఆ రెండు పొజిషన్లలో హమ్ (కరెంటు లైన్ల వల్ల వచ్చే గుయ్‌మనే రొద) కూడా పోయింది.

మెటల్ కవర్ ఉన్న పికప్ అయితే మాత్రం కవర్‌ని గ్రౌండ్‌కి కలిపే కనెక్షన్‌ని పికప్ వైరు నుంచి ముందు విడదీసి, దానికి వేరే గ్రౌండ్ వైరు వేయాలి. లేదంటే వైర్లు మార్చాక కవరే హాట్ (సిగ్నల్ వైపు) అయి, చెయ్యి తగిలితే బుయ్‌మంటుంది.