బంగాళాదుంప: పచ్చిగా చెక్కు తీయాలా, ఉడకబెట్టి ఒలవాలా?

సిబ్బి:
వంకాయ దగ్గర రాని పేచీ బంగాళాదుంప దగ్గర వస్తుంది. పచ్చిదుంప చెక్కు తీసి, ముక్కలు కోసి వండాలని కొందరు. తొక్కతోనే ఉడకబెట్టి ఒలుచుకోవాలని కొందరు. తొక్క తీయడమే దండగని ఇంకొందరు. వేపుడు, ముద్దకూర, పులుసు, ఈ మూడింటి వరకే మాట్లాడుకుందాం. దేనికి ఏది, ఎందుకు? "మా ఇంట్లో మొదట్నుంచీ ఇంతే" అనే జవాబులు వద్దండి. కొలతా కారణమూ చెప్పండి.

కత్తిపీట:
మూడింటికీ పచ్చిగా చెక్కు తీయడమేనండి. ముందు సరుకు సంగతి చూడండి. మన డెల్టాలో కంద ఊరుతుంది, చేమ ఊరుతుంది, పెండలం ఊరుతుంది. బంగాళాదుంప ఊరదు, దానికి రాత్రిళ్ళు 20 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. అందుకే మనకొచ్చేది ఎక్కువగా ఆగ్రా వైపు సరుకు. అక్కడ ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్విన దుంపని శీతల గిడ్డంగిలో 2–4 డిగ్రీల దగ్గర దాచి, అక్టోబరు, నవంబరు దాకా బస్తాలు వదులుతుంటారు. అంటే వినాయకచవితికి మనం కొనే దుంప ఆర్నెల్ల నాటిది.

అలాంటి దుంపకి దెబ్బలుంటాయి. లోపల నల్లమచ్చలుంటాయి. కొట్లో వెలుతురు తగిలిన వైపు పచ్చబారి ఉంటుంది. తొక్కతో ఉడకబెడితే ఇవేవీ ముందు కంటపడవు. పచ్చబారిన చోట సోలనిన్ అనే చేదు విషం పోగవుతుంది. ఆ పచ్చరంగే విషం కాదు, విషం ఉండొచ్చని చెప్పే గుర్తు. ఉడకబెట్టినా ఆ విషం పోదు. పచ్చ కనిపించినంత మేరా 3 మిల్లీమీటర్ల లోతుకి చెక్కేయాలి, మొలకొచ్చిన కన్నుని చుట్టూ గుంటగా తవ్వేయాలి. సగం దుంప పచ్చబడితే మొహమాటపడకుండా పారేయాలి.

పనిముట్టు అంటారా, పీలరే. దుంపని నిలువుగా పట్టుకుని పైనించి కిందికి పొడుగ్గా లాగితే కేజీకి 80–100 గ్రాములు పోతుంది. చాకుతో అయితే 150 గ్రాములు కూడా పోతుంది. నా పేరు చూసి మోసపోకండి, కత్తిపీట ముక్కలు తరగడానికే గాని చెక్కు తీయడానికి పనికిరాదు. ముక్క కోసిన వెంటనే నీళ్ళలో పడాలి, లేకపోతే గాలి తగిలి గోధుమరంగుకి తిరుగుతుంది. అలాగని పొద్దున్న కోసి మధ్యాహ్నం దాకా నాననివ్వొద్దు. సి విటమిన్ నీళ్ళపాలవుతుంది.

భీమవరం బాణలి:
వేపుడుకీ పులుసుకీ ఒప్పుకుంటాను. ముద్దకూరకి మాత్రం ససేమిరా.

చెక్కి, కోసి ఉడకబెట్టిన ముక్క నీళ్ళు తాగుతుంది. దాన్ని మెదిపితే కూర జావైపోతుంది, ఆ నీళ్ళు ఇగరడానికి మళ్ళీ పావుగంట పొయ్యి మీద తిప్పాలి, తిప్పితే జిగురొస్తుంది. తొక్క ఉన్న దుంపలోకి నీళ్ళు అంతగా దూరవు.

పద్ధతి ఇదండి. అన్నీ ఒకే సైజువి, ఒక్కోటి 100 గ్రాములకి అటూ ఇటూగా ఏరుకోండి. చిన్నా పెద్దా కలిస్తే చిన్నది పిండైపోయేసరికి పెద్దదాని నడుమ పలుకు ఉంటుంది. కొబ్బరిపీచుతో మట్టి పోయేదాకా తోమండి. ఈ పని బద్ధకిస్తే కూర మట్టివాసనేస్తుంది, తర్వాత తప్పు దుంప మీదకి తోస్తారు. చాకు మొనతో దుంప నడుం చుట్టూ తొక్క మందాన ఒక గీత గీయండి, వడ్డాణం పెట్టినట్టు. కుక్కర్లో ఒకటిన్నర గ్లాసు నీళ్ళు పోసి, చిల్లుల పళ్ళెం మీద దుంపలు పేర్చండి. నీళ్ళలో మునగక్కర్లేదు, ఆవిరికే ఉడుకుతాయి. మధ్యస్థం మంట మీద మూడు విజిళ్ళు రానిచ్చి కట్టేసి, ఆవిరి దానంతటదే దిగేదాకా ఆగండి. తొందరపడి వెయిట్ ఎత్తితే, దుంపలో 120 డిగ్రీల దగ్గరున్న నీరు ఒక్కసారిగా ఆవిరై తొక్కని చీల్చేస్తుంది.

కుక్కర్ లేకపోతే దుంపల్ని చన్నీళ్ళలోనే వేసి పొయ్యి వెలిగించండి. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక 20–25 నిమిషాలు. మరిగే నీళ్ళలో పడేస్తే పైపొర చిట్లి కరిగిపోతుంటుంది, నడుమ ఇంకా పచ్చిగానే ఉంటుంది.

దించాక చన్నీళ్ళలో పది సెకన్లు ముంచి తీయండి. పైన చెయ్యి పట్టేంత చల్లారుతుంది, లోపల వేడి అలాగే ఉంటుంది. రెండు చివర్లూ పట్టుకుని ఎదురెదురుగా మెలిపెడితే గీత దగ్గర తొక్క విడిపోయి, రెండు టోపీల్లా ఊడొస్తుంది. వేడి మీదే పప్పుగుత్తితో రెండు మూడు పోట్లు పొడవండి, గోళీకాయంత ముక్కలు అక్కడక్కడా మిగలాలి. చల్లారనిస్తే దుంపలో పిండి బిగుసుకుని ఉండలు కడుతుంది. మిక్సీలో వేశారా, పోస్టర్లు అంటించుకోవచ్చు.

అరకేజీకి రెండు పెద్ద ఉల్లిపాయలు, ఐదు పచ్చిమిరపకాయలు, బొటనవేలి కణుపంత అల్లం. నిమ్మకాయ పొయ్యి కట్టేశాకే పిండాలి.

పెళ్ళివంట:
ఇంటి లెక్క వేరు, పందిరి లెక్క వేరండి. 50 కేజీల బస్తాని పీలర్లతో చెక్కితే 4 నుంచి 5 కేజీలు చెక్కులో పోతుంది, ఉడకబెట్టి ఒలిస్తే రెండు కేజీలు కూడా పోదు. ఆ లెక్క చూసుకుని ఉడకబెట్టేవాళ్ళు ఎక్కువ. అయితే అంత పెద్ద గిన్నెలో గరిటె తిప్పేసరికి వేడిదుంప చితికి మసాలా కూర కాస్తా ముద్దకూరవుతుంది. భీమవరం బాణలి గారు "వేడి మీదే" అన్నది మెదిపే కూరకి సరే. ముక్క నిలవాల్సిన కూరకి దుంపని పూర్తిగా ఆరబెట్టి అప్పుడు కొయ్యాలి. వారు తప్పు పట్టిన ఆ బిగుసుకోవడమే ఇక్కడ కావాలి. కాకపోతే మన ఉక్కకి కుప్పపోస్తే జిగటబారి పులిసిపోతుంది. గుడ్డ మీద పల్చగా పరిచి, ఆరగానే గంటా రెండు గంటల్లో పొయ్యి ఎక్కించేయాలి.

కొత్తదుంప దిగినప్పుడు ఈ తగువే ఉండదు. డిసెంబరు చివర నుంచి వచ్చే కొత్తదుంపకి తొక్క గట్టిపడి ఉండదు, బొటనవేలితో నెడితే జారుతుంది. తడిపిన గోనెసంచిలో ఐదు కేజీలు, దోసెడు రాళ్ళుప్పు వేసి, మూతి బిగించి ఇద్దరు రెండు కొసలూ పట్టుకుని ఐదు నిమిషాలు ఊపితే చాలు. కడిగితే తెల్లగా వస్తాయి. గిడ్డంగి దుంపని ఇలా ఎంత ఊపినా చేతులు పీకడమే తప్ప తొక్క రాదు. గరుకుడ్రమ్ము మిషను పాతదుంపనీ చెక్కుతుంది గాని, కళ్ళ గుంటలు అలాగే వదిలేస్తుంది. మనిషి మళ్ళీ చాకు పట్టాల్సిందే.

రాజోలు రోలు:
కత్తిపీట గారు గిడ్డంగి మాట ఎత్తారు, అసలు సంగతి వదిలేశారు. అంత చల్లదనంలో దుంపలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. ఆ దుంపని పచ్చిగా వేపితే లోపల ఉడికేలోపే పైన ముదురు గోధుమరంగు వచ్చి చేదు తగులుతుంది. వండేవాళ్ళు మంట ఎక్కువైందనుకుని తగ్గిస్తారు, అప్పుడు ముక్క నూనె పీల్చి మెత్తబడుతుంది. వేపుడు పాడైందంటే చాలాసార్లు కారణం ఇదే. బంగాళాదుంపని ఫ్రిజ్‌లో పెట్టకూడదనేది కూడా ఇందుకే.

అందుకని వేపుడుకి సగం ఉడకబెట్టడమే మేలంటాను. చెక్కి, చిటికెనవేలి మందాన ముక్కలు కోసి, లీటరు నీళ్ళకి రెండు చెంచాల ఉప్పు వేసి మరిగించి, ముక్కలు వేసి నాలుగు నిమిషాలు. సిబ్బిలో వార్చి, మూత లేకుండా ఐదు నిమిషాలు ఆవిరి పోనివ్వాలి. చక్కెర కొంత నీళ్ళలోకి దిగిపోతుంది, ఉప్పు లోపలిదాకా పడుతుంది, ముక్క అంచులు గరుకై ఆ గరుకే కరకరలాడుతుంది.

కత్తిపీట:
చక్కెర మాట నిజమే, ఒప్పుకుంటాను. దానికి ఉడకబెట్టడం దేనికండీ? కోసిన ముక్కల్ని గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట ఉంచి, నీళ్ళు తేటగా వచ్చేదాకా రెండుసార్లు కడిగితే పైపై చక్కెరా పోతుంది, పైన అంటిన పిండీ పోతుంది. ఆ పిండి ఉంటేనే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని, మూకుడుకీ అంటుకుంటాయి. లేదంటే కొన్న దుంపల్ని చీకటిగా, గాలాడేచోట పది రోజులు పరిచి ఉంచండి. చక్కెర చాలామటుకు తగ్గుతుంది. ఉల్లిపాయల బుట్టలో మాత్రం కలపకండి.

ఇక వేపుడు. అరకేజీ ముక్కలు, కడిగాక గుడ్డ మీద పది నిమిషాలు ఆరాలి, తడి ఉంటే నూనె చిట్లుతుంది, ముక్క ఉడుకుతుంది. వెడల్పాటి ఇనప మూకుడు, నాలుగు పెద్ద చెంచాల వేరుశనగ నూనె. నూనె కాగాక ఒక ముక్క వేస్తే చుట్టూ బుడగలు రావాలి. ముక్కలన్నీ వేసి నాలుగు నిమిషాలు అట్లకాడ పెట్టకండి. కింద పొర కట్టాక అదే మూకుడుని వదులుతుంది, ముందే కదిపితే పొర మూకుడుకే ఉండిపోతుంది. తర్వాత మూడేసి నిమిషాలకొకసారి తిప్పుతూ మొత్తం 18–20 నిమిషాలు. మూత పెట్టకూడదు. మూత పెడితే అది వేపుడు కాదు, ఉడుకుడు. ఉప్పు చివరి ఐదు నిమిషాల్లోనే, ముందు వేస్తే నీరు ఊరుతుంది. ఆరు వెల్లుల్లి రెబ్బలు, చెంచా జీలకర్ర, ఒకటిన్నర చెంచా కారం కచ్చాపచ్చాగా దంచి, పొయ్యి కట్టేశాక కలపండి. మంట మీద వేస్తే కారం మాడి ఇల్లంతా దగ్గాలి.

రాజోలు రోలు:
18 నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడే ఓపిక మీకుంది లెండి. పదిమందికి రెండు కేజీలు వేపాల్సొచ్చినప్పుడు నా పద్ధతికే వస్తారు. మూకుడు నిండా పచ్చి ముక్కలు పోస్తే మూత పెట్టకపోయినా అడుగున ఉడుకుడే.

సిబ్బి:
వేపుడు ఇక తెగేలా లేదు గాని పులుసు సంగతి ఎవరూ ఎత్తలేదు. దప్పళంలో, పులుసులో దుంపముక్క అరగంట మరిగినా ఒక్కోసారి రాయిలా ఉంటుంది. తోడు వేసిన గుమ్మడిముక్క కరిగిపోతుంది. దుంప రకం తేడానా?

భీమవరం బాణలి:
రకం కాదండి, చింతపండు. ముక్కని పట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు కరిగితేనే ముక్క మెత్తబడేది. పులుపులో అది కరగదు. ముందు ఉప్పు, పసుపు వేసిన ఉత్త నీళ్ళలో ముక్క ఉడకాలి, చాకు మొన గుచ్చితే చివర్లో కొంచెం అడ్డు తగిలేంత. అప్పుడు చింతపండు రసం పోయాలి. ఆ పైన ఎంత మరిగినా ముక్క చెదరదు, పులుపే దాన్ని కాపాడుతుంది. టమాటాతో వండినా ఇదే వరస. గుమ్మడి మెత్తటి కాయ, పులుసు మరిగాక వేసినా దానికి చాలు. ఇక్కడ మాత్రం కత్తిపీట గారి మాటే సరి: పచ్చిగా చెక్కి, పెద్ద ముక్కలు కొయ్యాలి. ఉడకబెట్టి ఒలిచింది పులుసులో వేస్తే పైన మెత్తగా, లోపల చప్పగా ఉంటుంది.

పెళ్ళివంట:
నీళ్ళు కూడా చూసుకోవాలండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు బోరునీళ్ళతో వండితే అదే దుంప ఆలస్యంగా ఉడుకుతుంది. గట్టినీళ్ళలోని సున్నం ఆ జిగురుని ఇంకా బిగిస్తుంది. కందిపప్పుకి జరిగేదే దీనికీ. సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పు కూడా తగ్గించి వేసుకోవాలి, నీళ్ళలోనే ఉంటుంది. వంటసోడా వేస్తే త్వరగా ఉడుకుతుంది, నిజమే. పైపొర పేస్టులా కరిగి, సబ్బు రుచొస్తుంది. బజ్జీల పిండికే దాన్ని వదిలేయండి.

కూరలపొడి:
తొక్కతో తినేవాళ్ళ తరఫున ఒక మాట. పోషకాలన్నీ తొక్కలోనే ఉన్నాయని అంటుంటారు, అది సగమే నిజం. తూకానికి తూకం చూస్తే పీచు తొక్కలో ఎక్కువ. పొటాషియం, సి విటమిన్ మాత్రం మొత్తం మీద కండలోనే ఎక్కువుంటాయి, కండే ఎక్కువ కాబట్టి. కొత్తదుంపని తొక్కతో వేపుకోండి, బాగుంటుంది. పాతదానికి వద్దు. సోలనిన్ ఎక్కువగా పట్టేది తొక్కకీ దాని కింద పొరకే.

సిబ్బి:
ఆఖరుదండి. ముద్దకూరకి ఉడకబెట్టి ఒలిచాక కొన్ని దుంపలు ఒక చివర బూడిదరంగుకి తిరుగుతాయి. కుళ్ళా?

భీమవరం బాణలి:
కుళ్ళు కాదు. ఉడికి గాలి తగిలాక దుంపలోని ఇనుమూ ఒక రకం ఆమ్లమూ కలిసి ఆ రంగు తెస్తాయి, ఎక్కువగా తీగకి అతికి ఉన్న చివరనే. తినొచ్చు. కుళ్ళు అయితే మెత్తగా నీరుకారి, ముక్కుకే తెలుస్తుంది. రంగు వద్దనుకుంటే, మెదిపేటప్పుడే అరచెంచా నిమ్మరసం కలపండి. అప్పటికే మెత్తబడింది గనక పులుపు ఇక బిగించేది ఏమీ ఉండదు. ఉడికిన దుంపని ఇనప మూకుట్లో మాత్రం నిలవుంచకండి, ఆ రంగు ఇంకా ముదురుతుంది.

కత్తిపీట:
పచ్చిగా చెక్కితే ఆ చివర ముందే కోసేసేవాళ్ళం కదండీ!