ఇద్దరి ఆఫీసులకీ మధ్యలో ఇల్లు తీసుకోవాలా, ఒకరి దగ్గరే తీసుకోవాలా?

బ్రాడీపేట అమ్మాయి:
అందరికీ నమస్కారం. మేం గుంటూరు బ్రాడీపేటలో అద్దెకుంటున్నాం. నేను మంగళగిరి దగ్గర ఒక పెద్దాసుపత్రిలో నర్సుని. మా ఆయన ఆఫీసు కేసరపల్లిలో, గన్నవరం ఎయిర్‌పోర్టుకి ఇవతల. మొన్నటిదాకా ఇంటి నుంచే పని చేసుకునేవారు. ఇప్పుడు వారంలో ఐదు రోజులూ రావాల్సిందే అన్నారు. పోనూ రానూ దాదాపు వంద కిలోమీటర్లు. నెల తిరిగేసరికి మనిషి నలిగిపోయారు. పాప రెండో తరగతికి వస్తోంది. అత్తయ్య మాతోనే ఉంటారు, మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు.

ఆషాఢం వచ్చిందంటే అత్తయ్య ఇల్లు మారనివ్వరు. బళ్లు జూన్‌లోనే తెరుస్తారు. ఆలోపు తేల్చుకోవాలి. ఆయన విజయవాడ పటమటలో చూద్దాం, ఇద్దరికీ సగం సగం దూరం అంటున్నారు. నాకేమో మంగళగిరే మంచిదనిపిస్తోంది. నావి షిఫ్టులు. పొద్దున 8 నుంచి 2, లేదా 2 నుంచి రాత్రి 8, నైట్ అయితే రాత్రి 8 నుంచి పొద్దున 8. నాకు సుఖంగా ఉంటుందని అలా అంటున్నానేమోనని నాకే అనుమానం. ఈ దారిలో రోజూ తిరిగేవాళ్లు కాస్త చెప్పండి.

పటమట వాసి:
మీ ఆయన మాటే కరెక్టమ్మా. సంసారంలో ఒకరే ఎందుకు మోయాలి? పటమట నుంచి కేసరపల్లి పదహారు, పదిహేడు కిలోమీటర్లు. మంగళగిరి ఇంచుమించు పదమూడు. పాపకి స్కూళ్లు, అత్తగారికి డాక్టర్లు, బెంజి సర్కిల్లో ఎటు కావాలంటే అటు బస్సు. రేపు ఒకరి ఉద్యోగం మారినా ఊరి మధ్యలో ఉంటే మళ్లీ సామాను సర్దక్కర్లేదు. ఈ చివరి మాట మాత్రం బాగా ఆలోచించుకోండి. ప్రైవేటు ఉద్యోగం ఎన్నాళ్లో ఎవరు చెప్పగలరు?

వారధి ప్రయాణం:
పటమట అన్నగారితో ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. మ్యాపులో మధ్య వేరు, రోడ్డు మీద మధ్య వేరు. నేను తాడేపల్లి నుంచి నిడమానూరు దాకా ఆరేళ్లుగా తిరుగుతున్నాను.

బెంజి సర్కిల్ మీద మొదటి ఫ్లైఓవర్ 2020లో, రెండోది 2021లో తెరిచారు. అది ఎవరికి ఉపయోగం? స్క్యూ బ్రిడ్జి దగ్గర పైకెక్కి నేరుగా అటు దిగిపోయేవాళ్లకి. అంటే గుంటూరు వైపు నుంచి గన్నవరం వెళ్లే బండికి. పటమటలో ఉండేవాడు సందులోంచి మెయిన్ రోడ్డుకి, అక్కణ్నుంచి సర్వీసు రోడ్డుకి, ఆ తర్వాతే హైవేకి రావాలి. పైన బండ్లు పోతుంటే మనం కింద సిగ్నల్లో నిలబడతాం. మంగళగిరి నుంచి కృష్ణ మీది వారధి దాకా రోడ్డు ఏ రోజూ నన్ను ఇబ్బంది పెట్టలేదు. చంపేదంతా రామవరప్పాడు రింగు కూడలి నుంచి ఎనికేపాడు దాటేవరకే. ఆ ముక్క మంగళగిరి వాడికీ తప్పదు, పటమట వాడికీ తప్పదు. మరి పటమటలో ఉండి ఆయన తప్పించుకునేది ఏమిటి? ఖాళీగా ఉండే రోడ్డు మాత్రమే.

ఇంకో మాట. పొద్దున తొమ్మిదిన్నరకి రింగు దగ్గరుంటే ఒక లెక్క, ఎనిమిదిన్నరకి ఉంటే ఇంకో లెక్క. ఫోన్లో రాత్రి పదింటికి చూసి ముప్పావుగంట అనుకుని అడ్వాన్సు ఇచ్చేస్తారు చాలామంది. మీరలా చేయకండి. ఇల్లు నచ్చితే ఆ ఇంటి గేటు ముందు నుంచే బయల్దేరి, ఆఫీసు టైముకే, ఆఫీసు గేటు దాకా వెళ్లి చూడండి. సోమవారం ఒకసారి, మధ్యలో ఒక రోజు. సాయంత్రం తిరుగు ప్రయాణం కూడా.

రైలు పాసు:
రైలు మాట ఎవరూ ఎత్తలేదే. మంగళగిరిలో స్టేషనుంది, గన్నవరంలోనూ ఉంది. నెలవారీ సీజన్ టికెట్టు ఖర్చు పెట్రోలు ముందు ఏపాటిది? గుంటూరు నుంచి బెజవాడకి నేను పదకొండేళ్లు రైల్లోనే తిరిగాను.

వారధి ప్రయాణం:
రైలన్నా, బెజవాడలో పనైతే మీ మాటకి తిరుగులేదు. కానీ ఆయన బెజవాడలో దిగి ఏలూరు వైపు బండి మారాలి. మొదటి బండి కృష్ణా కెనాల్ స్టేషన్ దగ్గర సిగ్నల్ కోసం పదిహేను నిమిషాలు ఆగితే రెండోది వెళ్లిపోతుంది. గన్నవరం స్టేషన్ నుంచి కేసరపల్లికి మళ్లీ ఆటో. మూడు చోట్ల దేవుడి మీద భారం వేయాలి.

రైలు పాసు:
అది నిజమే. మారడం ఉంటే కష్టం. ఒక్క బండిలో అయిపోయేవాళ్లకే రైలు.

కాజ టోల్:
డబ్బు సంగతి కూడా చూడండి. ఇప్పుడు మీరు గుంటూరు నుంచి కారులో వెళ్తే రోజూ కాజ టోల్ రెండుసార్లు దాటాలి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల వార్షిక పాస్ వచ్చింది కదా, దానికి 200 ట్రిప్పులు. పోవడం ఒకటి, రావడం ఒకటి. వంద పనిదినాలకి అయిపోతుంది, పేరుకే ఏడాది. ప్లాజాకి ఇరవై కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకి సొంత కారుకి నెలవారీ లోకల్ పాస్ ఉంటుంది, అడ్రస్ ప్రూఫ్ చూపించాలి. మంగళగిరికి మారితే ఈ గొడవే లేదు. కాజ ప్లాజా మంగళగిరికి గుంటూరు వైపుంది. గన్నవరం అవతలి పొట్టిపాడు ప్లాజా దాకా కేసరపల్లి వాళ్లు వెళ్లనక్కర్లేదు.

ఎనికేపాడు:
అందరూ మంగళగిరి, పటమట అంటున్నారు. నిడమానూరు, గూడవల్లి వైపు ఎందుకు చూడకూడదు? ఆయనకి పావుగంట. ఆవిడకి స్త్రీశక్తి పథకం కింద బస్సు ఉచితం.

బ్రాడీపేట అమ్మాయి:
ఎనికేపాడు గారూ, ఉచిత బస్సు నాకు చాలా ఉపయోగపడుతోంది, కాదనను. కానీ అది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి వాటిలోనే. గుంటూరు నాన్‌స్టాప్ ఎలాగూ మంగళగిరిలో ఆపరు. నిడమానూరు నుంచైతే రెండు బస్సులు, ఆ పైన ఆసుపత్రి దాకా ఆటో. రాత్రి 8కి డ్యూటీ ఇచ్చేసి, తర్వాతి నర్సుకి ప్రతి పేషెంటు గురించీ చెప్పి, బయటపడేసరికి 8.20. అప్పుడు షేర్ ఆటో ఎక్కితే మనుషులు నిండేదాకా కదలదు. మొన్న వెనక సీట్లో నలుగురం ఒకరి మీద ఒకరం కూర్చుని, ముందు డ్రైవరు పక్కన ఇంకొకరి కోసం ఇరవై నిమిషాలు ఎదురుచూశాం. ఇంట్లో పాప నిద్రపోకుండా కూర్చుంది.

తెనాలి టీచరమ్మ:
అమ్మాయ్, ముప్పై నాలుగేళ్లు పంతులమ్మగా చేశాను. దూరాలన్నీ లెక్కేశారు గానీ ఒక్కటి వేయలేదు. పదకొండింటికి బడి నుంచి ఫోనొస్తుంది, పాపకి జ్వరం, తీసుకెళ్లండి అని. ఎవరు ముందు చేరతారు? పటమటలో ఉంటే మీరు ఏటికి అటు, ఆయన ఊరికి అటు, బడి దగ్గర ఇద్దరూ లేరు. అత్తగారు మెట్లే దిగలేనంటున్నారు. నేను చూసిన పిల్లల్లో ఆఫీసు గదిలో బల్ల మీద బ్యాగు తల కింద పెట్టుకుని పడుకున్నవాళ్లు ఎక్కువగా ఇలాంటి ఇళ్ల పిల్లలే. అమ్మానాన్నలు మంచివాళ్లే, దూరంలో ఉన్నారంతే. పిల్ల ఉన్నప్పుడు మధ్య ఇల్లు ఎవరికీ దగ్గర కాదు. ఇద్దరిలో ఎవరో ఒకరు పది నిమిషాల్లో బడికి చేరేలా ఉండాలి. అది ఎవరన్నది మీరూ మీరూ తేల్చుకోండి.

పటమట వాసి:
టీచరమ్మ గారి మాట కాదనలేను. కానీ ఆయన సంగతి ఎవరూ మాట్లాడరేం? మంగళగిరి నుంచి కేసరపల్లి రోజూ రెండు గంటల పైన కూర్చుని నడపాలి. నేను అలా పదేళ్లు నడిపాను, నా నడుము ఇప్పుడు ఎలా ఉందో నాకు తెలుసు. ఇంటికొచ్చాక పిల్లతో పది నిమిషాలు మాట్లాడే ఓపిక ఉండేది కాదు. వీలైతే ముందు బైపాస్ సంగతి చూసుకోండి.

వారధి ప్రయాణం:
పడమటి బైపాస్ చిన అవుటపల్లి నుంచి గొల్లపూడి దాకా ముప్పై కిలోమీటర్లు, అక్కణ్నుంచి కృష్ణ దాటి కాజ వైపు ఇంకో పద్దెనిమిది. ఊరి పొలిమేర చుట్టి వస్తుంది. మంగళగిరి వాడు కేసరపల్లికి దాని మీద వెళ్తే ఊళ్లోంచి వెళ్లేదానికన్నా చాలా దూరం ఎక్కువ, పైగా గన్నవరం నుంచి వెనక్కి రావాలి. లారీలు అటు పోతే ఊళ్లో మనకి కాస్త ఊపిరాడుతుంది, మంచిదే. కానీ రింగు దగ్గర పొద్దున నిలబడేవి లారీలు కాదు, కాలేజీ బస్సులు, ఆటోలు, మనలాంటి వాళ్ల బండ్లు.

బ్రాడీపేట అమ్మాయి:
వారధి గారు చెప్పినట్టే చేశాం. వారం రోజులు పట్టింది, అందుకే ఆలస్యం.

చీకటితోనే గుంటూరులో బయల్దేరి, చూసిన ఇంటి గేటు ముందు కారాపి, అక్కణ్నుంచి టైము రాసుకున్నాం. పాప పాత లెక్కల పుస్తకం చివరి పేజీ, పెన్సిలుతో దాని చేతే రాయించాం. మంగళవారం పటమట నుంచి 8.50కి బయల్దేరితే ఆఫీసు గేటు 9.55. బుధవారం మంగళగిరి నుంచి 8.15కి బయల్దేరితే 9.21. చూశారా, ఒక్క నిమిషమే తేడా అని నేను సంతోషపడ్డాను. ఆయన ఒప్పుకోలేదు. టైములు వేరైతే అది పోలిక ఎలా అవుతుంది అన్నారు. నిజమే కదా. గురువారం పటమట నుంచి కూడా 8.15కే బయల్దేరాం. 9 గంటలకి గేటు ముందున్నాం. అంటే ఆయనకి మంగళగిరి వల్ల ఒక్కో వైపు ఇరవై ఒక్క నిమిషాలు ఎక్కువ. రోజుకి ముప్పావుగంటకి కొంచెం తక్కువ.

నాది కూడా చూశాం. పటమట సందులోంచి నడిచి, వారధికి ఆటో, మంగళగిరికి బస్సు, మళ్లీ ఆటో. వార్డులో అడుగుపెట్టేసరికి గంటా ఐదు నిమిషాలు. మంగళగిరి ఇంటి నుంచి స్కూటీ మీద పన్నెండు.

పటమట వాసి:
గంట నిమిషాల లెక్క మీదే గెలిచింది, ఒప్పుకుంటాను. ఆ ముప్పావుగంట మాత్రం ఆయన ఒక్కరే కడుతున్నారమ్మా, అది మర్చిపోకండి.

బ్రాడీపేట అమ్మాయి:
మర్చిపోను అన్నగారూ. నిన్న రాత్రి అదే మాట్లాడుకున్నాం. వాళ్ల టీమ్‌లో ఎనిమిదింటికి వచ్చి ఐదింటికి వెళ్లేవాళ్లు ఇద్దరున్నారట. ఆయనా అడిగితే ఒప్పుకున్నారు. ఏడుంపావుకల్లా రింగు దాటేస్తే ఆ ఇరుకు ఉండదు. వారానికి రెండు రోజులు తాడేపల్లి నుంచి వచ్చే ఒకాయన కారులో వెళ్తారు, ఆ రెండు రోజులూ స్టీరింగ్ ముట్టుకోరు. నాకు మార్నింగ్ డ్యూటీ లేని రోజుల్లో వంటా, పాప బడీ నావి. రాత్రి ఎనిమిది దాకా డ్యూటీ ఉన్న రోజు పాప చదువు ఆయనది. ఆరు నెలల్లో ఆయన నడుము ఒప్పుకోకపోతే మళ్లీ ఇల్లు మారతాం, అందుకే పదకొండు నెలల అగ్రిమెంటులో ముందే ఖాళీ చేసే వెసులుబాటు రాయించమన్నాను.

కాజ టోల్:
మంచి పని చేశారు. ఇల్లు చూసేటప్పుడు వానాకాలంలో నీళ్లు నిలుస్తాయా అని కూడా అడగండి, ఇంటివాళ్లని కాదు, పక్కవాళ్లని. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగితే సింగ్ నగర్‌లో మా తమ్ముడు గ్రౌండ్ ఫ్లోర్‌లో సర్వం పోగొట్టుకున్నాడు. మీకు అత్తగారి కోసం కింది పోర్షనే కావాలి కాబట్టి చెబుతున్నా. గోడలకి కొత్త సున్నం నడుం ఎత్తు దాకా మాత్రమే కొట్టి ఉంటే అనుమానించండి.

తెనాలి టీచరమ్మ:
బడి ఏదనుకుంటున్నారు అమ్మాయ్?

బ్రాడీపేట అమ్మాయి:
ఇంకా తేలలేదండీ. రెండు చూశాం, రెండూ ఇంటికి కిలోమీటరు లోపే. ఆదివారం అత్తయ్యని తీసుకుని ఇంటికి వెళ్తున్నాం. వీధి గుమ్మానికి రెండు మెట్లున్నాయి, ఆవిడ ఎక్కగలిగితే అడ్వాన్సు ఇచ్చేస్తాం.